విక్రాంత్ బాయిలర్‌లో పగులు



1957లోనే ఎం.బి.ఏ. మొదలుపెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం పక్కన, ఈ మద్దిలపాలెంలో, వ్యాపార నాయకత్వం గురించి మాట్లాడే అవకాశం నాకు దక్కిన గౌరవం. ప్రాచీన చైనా యుద్ధనీతిజ్ఞుడు సున్ జు మీద ఉపన్యసించమన్నారు. ఆయన్ను అర్థం చేసుకోవడానికి మన విశాఖ బీచ్ రోడ్డు ఎదుటి సముద్రంలో జరిగిన కథ చాలుననుకుంటాను.

1971 నవంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధానికి ముందు, తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన చేతిలోని పెద్ద ఆయుధం విమానవాహక నౌక విక్రాంత్. దాని నాలుగు బాయిలర్లలో ఒకటి పగిలి ఉంది, అందుకే ఓడ పూర్తి వేగం అందుకోలేకపోయేది. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కరాచీ నుంచి బయల్దేరింది. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, అది విశాఖలోనే ఉన్నట్టు నమ్మించారు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ విక్రాంత్‌లా నటిస్తూ రేడియో సందేశాలు పంపింది. ఒక నావికుడు తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నట్టు మామూలు తంతి కూడా వెళ్ళింది. ఊళ్ళో కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు పెద్దయెత్తున పురమాయించారు. ఆ కబురు బజారు దాటి శత్రువు చెవిన పడాలని. డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ ఘాజీ మన హార్బరు ముఖద్వారానికి దగ్గర్లోనే మునిగింది.

ఈ కథ విన్నవాళ్ళు మాయ దగ్గరే ఆగిపోతారు. నన్ను పట్టి నిలిపేది ఆ పగిలిన బాయిలర్. కృష్ణన్ దాన్ని తన దగ్గర తాను దాచుకోలేదు. పథకమంతా ఆ లోపం నుంచే పుట్టింది. సున్ జు పదమూడు అధ్యాయాల్లో మొదటిది బలాబలాల బేరీజు. రెండోది అచ్చంగా ఖర్చుల చిట్టా: రథాలు, తిండి, పాడైపోయే సామాను. పోరు సాగేకొద్దీ రాజ్యం అరిగిపోతుందని ఆయన బెంగ. గెలుపుకూ ఖరీదు ఉంటుందని బొబ్బిలి చెబుతుంది: 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో బొబ్బిలి కోటను గెలిచిన విజయనగరం ప్రభువు విజయరామరాజు, కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడి చేతిలో హతమయ్యాడు. ధరలు తెగ్గోసి పోటీదారును కూల్చాలనుకునే వ్యాపారులు బొబ్బిలి చరిత్ర చదవాలి.

మరి మాయ సంగతి? వ్యాపారంలో అది ఎవరి మీద ప్రయోగించాలి? సరుకు కొనేవాడు శత్రువు కాడు, వాటాదారూ కాడు, పనిచేసేవాడు అసలే కాడు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు, లేని 5,040 కోట్ల రూపాయలను నగదు, బ్యాంకు నిల్వలుగా చూపామని బోర్డుకు లేఖ రాశారు. కృష్ణన్ రేవులో లేని ఓడను శత్రువుకు చూపించారు. సత్యంలో, లేని డబ్బును సొంత మనుషులకు చూపించారు. యుద్ధనీతిని బోర్డురూముకు తెచ్చేవాళ్ళు ముందు ఈ తేడా తెలుసుకోవాలని నా గట్టి నమ్మకం.

మళ్ళీ ఆ పగిలిన బాయిలర్ దగ్గరికి వస్తే, మన విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేవు. దాని బాయిలర్ పగులు అదే. ఖనిజాన్ని ఎప్పుడూ బయట కొనుక్కోవలసిందే. గనులు కేటాయించమని కార్మిక సంఘాలు ఏళ్ళ తరబడి అడుగుతున్నాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీని ఆమోదించింది. ఆ డబ్బు అవసరమే, సంతోషమే. కానీ గని లేని లోటు చుట్టూ పథకం వేయకుండా ఆ కోట్లు ఎన్నాళ్ళు ఆదుకుంటాయి? ఈ ఊరివాడిగా అడుగుతున్నాను.

చివరగా ఒక విన్నపం. ఘాజీ ఎలా మునిగిందన్నది నేటికీ వాదమే. రాజ్‌పుత్ డెప్త్ చార్జీల వల్లనని మన నౌకాదళం అంటుంది, సొంత మైన్ పేలిందని పాకిస్తాన్ అంటుంది. గెలుపులో మన పథకం ఎంత, కలిసొచ్చింది ఎంత అని విడదీసి చూడటం లాభాలొచ్చిన ఏడాది కంపెనీలు అరుదుగా చేసే పని. మేనేజ్‌మెంట్ విభాగం ఈ రెండు కథనాలనూ పక్కపక్కన పెట్టి విద్యార్థుల చేత వాదింపజేయాలి. కృష్ణన్ ఆ యుద్ధం తర్వాత కొచ్చిన్ షిప్‌యార్డుకు సారథ్యం వహించారు. యుద్ధం నడిపినవాడే సంస్థనూ నడిపిన ఆ సంగతినీ పాఠంలో చేర్చమని కోరుతున్నాను.