ఇసుక పొయ్యి – చెత్త నుండి శక్తి

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగ పూట చెత్త గురించి మాట్లాడతాడేమిటని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చును. కాని ఈ వారం రోజులుగా అంకులిలో మన ఇళ్ళన్నిటా జరిగిన పని ఏమిటి? బూజులు దులిపాము, అటకలు ఖాళీ చేశాము, గడపలకు పసుపు రాశాము. ఇల్లు అద్దంలా ఉన్నది. మరి దులిపినదంతా ఎక్కడికి పోయినది? వీధి మలుపుకు పోయినది.

ఇతరులను అనేముందు నా తప్పు చెప్పుకుంటాను. మొన్న చలికాలంలో మా వీధి చివరి కుప్పకు ఎవరో నిప్పు పెట్టారు. పీడ వదులుతుందిలే అని నేను కూడా మా పెరటి ఆకులు, పాలిథిన్ సంచులు, పగిలిన ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి అందులో పడవేశాను. ఆ కుప్ప తెల్లవార్లూ రగిలినది. మంట లేదు, పొగ మాత్రం ఉన్నది. ఉబ్బసపు మనిషి మా అమ్మ ఆ రాత్రి పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చున్నది. తెల్లవారిన తరువాత నాతో ఒకటే మాట అన్నది: “ఇంట్లో చెత్త వీధిలో వేసి, వీధిలో పొగ ఇంట్లోకి తెచ్చావురా.” ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయినది. ఈనాటి నా ప్రసంగం ఆ జవాబు వెతుక్కోవడమే.

కుప్ప ఎందుకు పొగ చిమ్ముతుంది? ఏ వస్తువైనా చక్కగా కాలడానికి తగిన వేడి కావలెను, సరిపడా గాలి కావలెను, ఆ రెండూ కలిసి మెలిసి ఉండడానికి కాస్త వ్యవధి కావలెను. మన కుప్పలో అరటి తొక్కలు, కూరల చెత్త, తడి మట్టి ఉంటాయి. పుట్టిన వేడి ఆ తడిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. లోపలికి గాలి పోదు. పైన కాలుతుంది, లోపల కుములుతుంది. కుమిలిన దానినే మనం పొగ అంటున్నాము.

ఇప్పుడు మురీలు వేయించే అవ్వను తలచుకోండి. మూకుడులో ఇసుక పోసి బాగా కాలుస్తుంది. అందులో పిడికెడు బియ్యం వేసి పుల్లల చీపురుతో చకచకా తిప్పుతుంది. రెప్పపాటులో ప్రతి గింజా పొంగుతుంది. ఒకటి మాడదు, ఒకటి పచ్చిగా ఉండదు. కారణమేమి? వేడి ఇసుక ప్రతి గింజనూ అన్ని వైపులా చుట్టుకొని ఒకే తీరుగా వేడిని అందిస్తుంది. ఫ్లూయిడైజ్డ్ బెడ్ పొయ్యిలోని రహస్యం సగం ఈ మూకుడులోనే ఉన్నది.

మిగతా సగం గాలి. ఆ పొయ్యి అడుగున సన్నని రంధ్రాల పళ్ళెం ఉంటుంది. దానిపై ఇసుక పరచి, క్రింద నుండి పెద్ద పంకాలతో గాలి ఊదుతారు. గాలి మెల్లగా ఉంటే ఇసుక కదలదు. జోరు పెంచితే ఒక దశలో రేణువులన్నీ తేలి, కాగే పాలవలె కుతకుతలాడుతాయి. అప్పుడు ఇసుక ఘనపదార్థమే అయినా ద్రవం మాదిరిగా ప్రవర్తిస్తుంది. పేరు అందువల్లనే వచ్చినది. ఆ ఇసుకను మొదట నూనెతోనో గ్యాసుతోనో కాల్చి, తరువాత ముక్కలు చేసిన చెత్తను వేస్తారు. ఇసుక రాశిలో చెత్త పాలు ఏ సమయంలోనైనా నూటికి కొన్ని వంతులే. కావున కొంత తడి సరుకు పడినా పొయ్యి చల్లబడదు. పుట్టిన వేడితో నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైను తిప్పి విద్యుత్తు తీస్తారు.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. 1920లలో జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ బొగ్గును వాయువుగా మార్చే పనికి ఈ పద్ధతిని వాడినాడు. 1970ల నుండి జపానులో పట్టణాల చెత్తను ఇటువంటి పొయ్యిలలో కాలుస్తూ వచ్చారు. మన దేశంలో తిరుచిరాపల్లిలోని భెల్ వారు ఇటువంటి బాయిలర్లను రూపొందించారు.

దీనివల్ల లాభాలు ముఖ్యంగా నాలుగు. మొదటిది, ఇది తిండి ఎంచదు. ఊక, రంపపు పొట్టు, ఎండుటాకులు, కాగితం – రకరకాల సరుకును ఒకే పొయ్యి అరిగించుకోగలదు. రెండవది, వేడి 800 నుండి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య అంతటా సమంగా ఉంటుంది. అంతకు మించిన వేడిలో గాలిలోని నత్రజని నుండి పుట్టే విషవాయువులు ఇక్కడ తక్కువ. మూడవది, ఇసుకలో సున్నపురాయి కలిపితే ఇంధనంలోని గంధకాన్ని అది అక్కడే పట్టుకుంటుంది. నాలుగవది, పొయ్యి లోపల కదిలే ఇనుప చట్రాలు ఉండవు. వాటి మరమ్మతు బాధ ఉండదు.

మన గంజాం జిల్లా వరి పండే జిల్లా. ధాన్యం దంపితే బరువులో ఇంచుమించు ఐదవ వంతు ఊకగా పోతుంది. మా మామ్మ కాలంలో డబ్బాలో ఊక కూరి, నడుమ కర్ర నిలిపి తీసి ఊక పొయ్యి చేసేవారు. అన్నం ఉడికేది గాని కళ్ళు మండేవి. కిలో ఊకలో 3000 కిలోకేలరీలకు పైగా వేడి ఉన్నది. అనగా అది చెత్త కాదు, ఇంధనమే. తేలికగా, పొడిగా ఉండే ఊక ఇసుక పొయ్యికి అనువైన సరుకు. దాని బూడిదలో అత్యధిక భాగం సిలికా గనుక ఆ బూడిద సిమెంటుకు, ఇటుకలకు పనికి వస్తుంది.

ఇంత చెప్పి లోపాలు దాచితే అది వ్యాపార ప్రకటన అవుతుంది. ఈ పొయ్యికి చెత్తను ముందుగా చిన్న ముక్కలు చేయాలి. గాజు, ఇనుము, రాళ్ళు పడితే అడుగున పేరుకొని గాలిని అడ్డుతాయి. ఎండుగడ్డి వంటి వాటిలోని పొటాషియం ఇసుకను కరిగించి ముద్ద కట్టిస్తుంది. పంకాలకు చాలా విద్యుత్తు పడుతుంది. పి.వి.సి. ప్లాస్టిక్ కాలితే క్లోరిన్ సంబంధమైన విషాలు పుట్టవచ్చును. వాటికి తగిన వేడి నిలపడంతో పాటు గొట్టం దగ్గర వడపోత యంత్రాలు తప్పనిసరి. ఆ ఖర్చుకు వెనుకాడే వారు పొయ్యి పెట్టకుండా ఉండడమే మేలు.

యంత్రం ఒక్కటే చాలదనడానికి మన దేశంలోనే నిదర్శనం ఉన్నది. 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో రోజుకు 300 టన్నుల చెత్త కాల్చే కేంద్రం కట్టారు. అది ఇసుక పొయ్యి కాదు, కాని పాఠం ఒకటే. వచ్చిన చెత్తలో తడి, మట్టి ఎక్కువ, వేడి తక్కువ. కొద్ది వారాలకే అది మూతపడినది. హైదరాబాదు జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల కేంద్రం ఆరంభమయినది. ఎక్కడి కేంద్రమైనా నడిచేది ఇంధనం మీదనే, ఇంధనం తయారయ్యేది మన వంటింటి గుమ్మం దగ్గరనే. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు కూడా ఇదే చెప్పాయి: ఇంటి దగ్గరే తడి, పొడి వేరు చేయాలి, తిరిగి పనికిరానిదై, కిలోకు 1500 కిలోకేలరీలైనా వేడి ఉన్న చెత్తను శక్తికే వాడాలి.

కనుక క్రమం ఇది. తడి చెత్త ఎరువుకు పోవాలి. సీసాలు, ఇనుము, మంచి కాగితం పాతసామాన్ల వానికి పోవాలి. మిగిలిన పొడి చెత్తే పొయ్యికి. తిరిగి వాడదగినది కాల్చితే అది శక్తి సంపాదన కాదు, సొమ్ము తగలబెట్టడం.

మన పెద్దలు బరంపురం మద్రాసు రాజధానిలో ఉన్న రోజులు చూశారు. 1936లో ఒరిస్సా ఏర్పడిన తరువాతి రోజులూ చూశారు. ఇరుగు పొరుగు ఒడియా వారితో కలిసి బతకడం మనకు నేర్పినది వారే. పొగకు భాష లేదు. తెలుగు ఇంటి పొగ ఒడియా బిడ్డను దగ్గిస్తుంది, వారి పొగ మనవారిని దగ్గిస్తుంది. కాబట్టి ఈ పని రెండు భాషలవారూ కలిసి చేయవలసినది.

మా ఇంట్లో ఇప్పుడు రెండు బుట్టలు ఉన్నాయి. ఏది ఎందులో వేయాలో మొదట మరచిపోయేవాడిని నేనే. గుర్తు చేసేది మా అమ్మ. ఇసుక పొయ్యి మన ఊరికి ఎప్పుడు వస్తుందో పెద్దలు, ఇంజనీర్లు ఆలోచిస్తారు. ఆ రెండవ బుట్టకు మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. ఉగాది పచ్చడి తిన్న నోటితో ఈ ఏడు వీధి కుప్పకు నిప్పు పెట్టనని ప్రతి ఇంటి యజమానీ ఒక్క మాట అనుకుంటే, ఈ సంవత్సరం అంకులిలో కొందరు ముసలివారు రాత్రిళ్ళు హాయిగా పడుకుంటారు.