గిజిగాడిని గుర్తుపట్టడం ఎలా?

సిద్దిపేట చుట్టుపక్కల నాట్లు పడి వరి పచ్చబడే రోజుల్లో వ్యవసాయ బావుల దగ్గర ఒకసారి తల పైకెత్తి చూడండి. నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మకో, ఈతమట్టకో సొరకాయ బుర్రల్లా గూళ్లు వేలాడుతుంటాయి. అవి గిజిగాడి గూళ్లని చిన్నపిల్లలూ చెబుతారు. పిట్టను చూపించమంటే మాత్రం పెద్దవాళ్లు కూడా ఊరపిచ్చుకను చూపిస్తారు.

పొరపడటానికి కారణం లేకపోలేదు. వానాకాలం రానంతవరకు గిజిగాడి ఆడా మగా రెండూ మట్టిరంగులోనే ఉంటాయి. వానలు పడగానే మగదాని నెత్తి, రొమ్ము పసుపెక్కుతాయి. చెంపలు, గొంతు ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. ఆడదాని రంగు మారదు. దాన్ని గుర్తుపట్టాలంటే లావుపాటి ముక్కు, పొట్టి తోక చూడాలి. చెరువు జమ్ములో రొమ్ముమీద నల్లచారలున్న పసుపుతల పిట్ట కనబడితే అది గిజిగాడు కాదు, దాని దాయాది.

గిజిగాడి కుటుంబంలో నూటికి పైగా జాతులున్నాయి. చాలావరకు ఆఫ్రికావే, మన దేశంలో నాలుగే. ఆఫ్రికా ఊళ్లలో తిరిగే విలేజ్ వీవర్ మగది కూడా పసుపుపచ్చనిదే, కానీ దాని కళ్లు ఎర్రగా ఉంటాయి. దాని గూటికి మన గిజిగాడి గూటికున్నంత పొడవైన వాకిలి గొట్టం ఉండదు. కలహారి ఎడారిలో ఇంకో జాతి ఉంది. వందల పిట్టలు కలిసి ఒకే చెట్టుమీద గడ్డితో ఒక పెద్ద ఉమ్మడి గూడు కట్టుకుంటాయి.

మన గిజిగాళ్లలో గూడు కట్టేది మగదే. వరి ఆకు అంచును ముక్కుతో కొరికి, పట్టుకుని ఎగిరితే పొడవాటి పీలిక చీలి వస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడే అల్లాలి, ఎండితే వంగదు. వారం పైచిలుకు కష్టపడ్డాక గూడు సగమవుతుంది. దీన్ని హెల్మెట్ దశ అంటారు. అప్పుడు మగది గూటికి వేలాడుతూ రెక్కలు కొట్టి ఆడపిట్టలను పిలుస్తుంది. అవి వచ్చి లోపలికి దూరి, పోగులు లాగి చూస్తాయి. నచ్చితేనే మగది గుడ్ల గదీ గొట్టమూ పూర్తిచేస్తుంది. నచ్చకపోతే ఆ గూడు అలాగే మిగిలిపోతుంది. మీకు కనబడే సగం కట్టిన గూళ్లలో చాలావాటి సంగతి ఇదే. సంబంధం కుదిరిందో లేదో మగది ఇంకో గూడు మొదలుపెడుతుంది, ఇంకో జోడును వెతుక్కుంటుంది. గుడ్లు పొదిగే పని మొత్తం ఆడదానిదే. బొంబాయి దగ్గరి కిహింలో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ ఓపికగా కూర్చుని గమనించి ఈ కాపురం గుట్టు బయటపెట్టారు. ఆయన వ్యాసం 1931లో అచ్చయింది.

గూట్లో మిణుగురును దీపంగా అంటిస్తుందనేది కథే. లోపల బంకమట్టి ముద్దలు అంటించడం మాత్రం నిజం.

పండిన వరిగింజలు తింటుందని రైతులకు దీనిమీద కోపం. అది న్యాయమే. కానీ పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులనే, అది కూడా లెక్కలో వేయాలి.

ఒక్క మనవి. గుమ్మానికి అందంగా ఉంటుందని వానాకాలంలో గూళ్లు కోయకండి, లోపల గుడ్లో పిల్లలో ఉంటాయి. ఖాళీ అయినా వదిలేయండి, పాత గూళ్లలో మునియా పిట్టలు చేరతాయి. బావి గట్టున ఈతచెట్టు, తుమ్మచెట్టు ఉంటే కొట్టకండి.