ఉపాధికి మూలము
పనికై పొరుగు సీమలకుఁ బోవు యువకుని నిందించుట సులభము. పని యేల లేదో విచారించుట యవసరము.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినపిదప గోదావరి డెల్టా వేలకొలఁది చేతులకుఁ బని యొసఁగెను. నేఁ డచ్చటనే కోఁతయంత్రము పెక్కండ్ర కూలిని హరించుచున్నది. 1933లో తెఱవఁబడిన విశాఖ రేవును, 1992లో జాతి కంకితమైన యుక్కు కర్మాగారమును క్రొత్త వృత్తులను గల్పించినవి. 2014లో రాష్ట్రము విడిపోఁగా హైదరాబాదును దాని కొలువులును తెలంగాణమున నిలిచినవి.

పరిశ్రమలలో నూటికి 75 కొలువులు స్థానికులకే యని 2019లో నాంధ్ర శాసనసభ శాసించెను. శాసనము వాకిలి తెఱవవచ్చును. పనితన మలవడనివాఁడు లోన నిలువఁజాలఁడు. కావునఁ బ్రతి మండలమునందును, కర్మాగారముల యవసర మెఱిఁగిన శిక్షణశాల వెలయవలయును.

నీటిని, రేవును మునుపటి తరములవారు సమకూర్చిరి. పనితనమును మనమే సమకూర్పవలయును.