ఇటలీ వద్దంది, ఇంగ్లండ్ రమ్మంది: ఎరిక్సన్ సెకండ్ ఇన్నింగ్స్

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక డెన్మార్క్ ఫుట్‌బాలర్ గురించి మాట్లాడుకుందాం. పేరు క్రిస్టియన్ ఎరిక్సన్. ఫుట్‌బాల్ అస్సలు చూడని వాళ్లకి కూడా ఒక వీడియో వల్ల ఇతను తెలిసే ఉంటాడు. యూరో కప్ మ్యాచ్‌లో ఉన్నట్టుండి కుప్పకూలిపోయాడే, అతనే. ఫోన్‌లో పేరు కొట్టి చూడండి, ముందు అదే వస్తుంది. నాకు దాని మీదే కంప్లైంట్. అంత ఆట ఆడిన మనిషిని మనం పడిపోయిన మనిషిగానే గుర్తు పెట్టుకున్నాం. లేచిన తర్వాత అతనికి ఎదురైన ప్రశ్న చాలామందికి తెలియదు. ఆ ప్రశ్న దగ్గరికే వద్దాం. దానికంటే ముందు అసలు ఎవరితను అనేది చూద్దాం.

1992 ఫిబ్రవరి 14న, డెన్మార్క్‌లో మిడెల్‌ఫార్ట్ అనే చిన్న టౌన్‌లో పుట్టాడు. అవును, వాలెంటైన్స్ డే రోజే. 16 ఏళ్లకే నెదర్లాండ్స్‌లోని అయాక్స్ క్లబ్ తీసుకుపోయింది. కుర్రాళ్లని ప్లేయర్లుగా తయారు చేయడంలో ఆ క్లబ్‌కి పెద్ద పేరు. 18 ఏళ్లకి 2010 వరల్డ్ కప్ ఆడాడు. ఆ టోర్నీ మొత్తంలో అందరికంటే చిన్నవాడు ఇతనే. అయాక్స్‌తో వరసగా మూడు లీగ్ టైటిల్స్, 2013లో లండన్‌కి, టాటెన్‌హామ్‌కి.

ఇతను గోల్స్ కొట్టి చొక్కా విప్పి తిరిగే టైప్ కాదు. గోల్‌కి ముందు పాస్ ఇచ్చే మనిషి. మనం హైలైట్స్‌లో గోల్ మాత్రమే చూస్తాం కదా, దానికి మూడు సెకన్ల ముందు బాల్ ఎవరి కాలి దగ్గర ఉందో చూస్తే ఎరిక్సన్ కనిపిస్తాడు. అలాగని గోల్స్ కొట్టలేడా అంటే, 2017 నవంబర్‌లో డబ్లిన్‌లో ఐర్లాండ్‌ని అడగాలి. వరల్డ్ కప్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే మ్యాచ్. హ్యాట్రిక్ కొట్టాడు, డెన్మార్క్ 5-1తో గెలిచింది. 2019లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లి లివర్‌పూల్ చేతిలో ఓడిపోయారు. 2020 జనవరిలో ఇటలీకి, ఇంటర్ మిలాన్‌కి మారాడు. అక్కడ మొదట్లో బెంచ్ మీదే కూర్చోబెట్టారు. చివరి నిమిషాల్లో దింపేవాళ్లు. ఓపిక పట్టాడు. 2021లో ఇంటర్ 11 ఏళ్ల తర్వాత లీగ్ గెలిచినప్పుడు అందులో ఇతని వాటా కూడా ఉంది. 29 ఏళ్లు, ఛాంపియన్ టీమ్, నెల తిరగ్గానే సొంత దేశంలో యూరో కప్. ఇంకేం కావాలి?

2021 జూన్ 12. కోపెన్‌హేగన్, పార్కెన్ స్టేడియం. డెన్మార్క్, ఫిన్లాండ్ మ్యాచ్. 43వ నిమిషంలో త్రో వచ్చింది, బాల్ వైపు రెండడుగులు వేశాడు, అలాగే ముందుకి పడిపోయాడు. ఎవరూ తగల్లేదు, ఎవరూ తోయలేదు. గుండె ఆగిపోయింది. అంటే హార్ట్ ఎటాక్ కాదు, కార్డియాక్ అరెస్ట్. రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. హార్ట్ ఎటాక్‌లో గుండెకి రక్తం అందే దారి మూసుకుపోతుంది. కార్డియాక్ అరెస్ట్‌లో గుండె కొట్టుకోవడమే తప్పిపోతుంది. మెదడుకి రక్తం ఆగిపోతుంది కాబట్టి అక్కడ ప్రతి నిమిషానికీ లెక్క ఉంటుంది.

కెప్టెన్ సైమన్ కేర్ పరుగెత్తుకొచ్చాడు. డాక్టర్లు ఛాతీ నొక్కుతుంటే టీమ్ మొత్తం చుట్టూ గోడలా నిలబడింది, కెమెరాలకి కనపడకుండా. కొందరు ఏడుస్తున్నారు, కానీ వీపు ఇటు తిప్పి నిలబడే ఉన్నారు. సీపీఆర్ చేశారు, డీఫిబ్రిలేటర్‌తో ఒక్క షాక్ ఇచ్చారు. తిరిగొచ్చాడు. అతను చనిపోయినట్టే అయ్యాడని టీమ్ డాక్టర్ మోర్టెన్ బోసెన్ తర్వాత చెప్పాడు. స్టేడియంలో ఏం జరిగిందో తెలుసా? ఫిన్లాండ్ ఫ్యాన్స్ క్రిస్టియన్ అని అరిస్తే, డెన్మార్క్ ఫ్యాన్స్ ఎరిక్సన్ అని అందుకున్నారు. అదే రాత్రి రష్యాలో బెల్జియం తరఫున గోల్ కొట్టిన లుకాకు, ఇంటర్‌లో ఇతనితో ఆడేవాడు, కెమెరా దగ్గరికొచ్చి క్రిస్, ఐ లవ్ యూ అన్నాడు.

ఇలా అన్నిసార్లూ జరగదు ఫ్రెండ్స్. మన పక్కనే బెంగళూరులో, 2004 డిసెంబర్ 5న, ఫెడరేషన్ కప్ ఫైనల్లో డెంపో క్లబ్‌కి ఆడుతున్న బ్రెజిల్ ప్లేయర్ క్రిస్టియానో జూనియర్ గోల్ కొట్టాడు, గోల్‌కీపర్‌ని ఢీకొని పడిపోయాడు. మళ్లీ లేవలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రాత్రే మ్యాచ్ మళ్లీ మొదలుపెట్టారు. ఆడితే ఈ రాత్రి ఆడండి, లేదంటే రేపు మధ్యాహ్నం ఆడండి అన్నారు. కళ్ల ముందు ఫ్రెండ్ గుండె ఆగిన రెండు గంటలకి బాల్ తన్నమన్నారన్నమాట. డెన్మార్క్ 1-0తో ఓడిపోయింది, ఒక పెనాల్టీ కూడా వదిలేసుకున్నారు. ఆ స్కోర్‌కి నా దృష్టిలో విలువ లేదు. తర్వాత ఆ టీమే సెమీఫైనల్ దాకా వెళ్లింది, అది మాత్రం నిజమైన విలువ.

సరే, ఇక అసలు ప్రశ్న. ఎరిక్సన్ ఛాతీలో ఐసీడీ అనే చిన్న పరికరం పెట్టారు. చర్మం కింద ఉంటుంది, దాని వైరు గుండెకి వెళ్తుంది. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే అదే గమనించి, అదే షాక్ ఇస్తుంది. అంటే డాక్టర్ పరుగెత్తుకు రాకముందే వైద్యం మొదలైపోతుంది. కోలుకున్నాడు, పరుగెత్తగలుగుతున్నాడు. ఇక ఆడొచ్చు కదా?

ఇటలీలో ఆడకూడదు. అక్కడ పోటీ ఆటలు ఆడాలంటే డాక్టర్ సర్టిఫికెట్ చట్టప్రకారం తప్పనిసరి. ఐసీడీ ఉన్నవాళ్లకి ఫుట్‌బాల్ లాంటి ఆటకి ఆ సర్టిఫికెట్ ఇవ్వరు. 2021 డిసెంబర్‌లో ఇంటర్, ఎరిక్సన్ కాంట్రాక్ట్ రద్దు చేసుకున్నారు. ఆట రాక కాదు, గొడవపడీ కాదు. అదే గుండె, అదే పరికరం పెట్టుకుని నెదర్లాండ్స్‌లో ఆడొచ్చు. అతని పాత అయాక్స్ దోస్త్ డేలీ బ్లైండ్ అప్పటికే ఐసీడీతో ఆడుతున్నాడు. ఇంగ్లండ్‌లో కూడా ఆడొచ్చు. సరిహద్దు దాటితే ఫిట్, వెనక్కొస్తే అన్‌ఫిట్!

ఇది వినగానే ఇటలీ వాళ్లని తిట్టాలనిపిస్తుంది. ఆగండి. ఆ రూల్ ఊరికే రాలేదు. 1982 నుంచి అక్కడ ఆటగాళ్లకి ఈసీజీతో సహా పరీక్షలు తప్పనిసరి చేశారు. వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల ఆకస్మిక మరణాలు దాదాపు 90 శాతం తగ్గాయని అక్కడి డాక్టర్లు 2006లో లెక్కలతో చూపించారు. ఎంతమంది అమ్మానాన్నలకి పిల్లలు దక్కారో ఆలోచించండి. అంత చేసినా 2018లో ఫియోరెంటినా కెప్టెన్ దావిడే అస్టోరి హోటల్ గదిలో నిద్రలోనే పోయాడు. అలాంటి దేశం భయపడటంలో తప్పేముంది?

అయినా నా ఓటు ఎరిక్సన్‌కే. స్కూల్ పిల్లాడి విషయంలో రూల్ కఠినంగా ఉండాల్సిందే, వాడికి రిస్క్ అంటే ఏంటో తెలియదు. ఇక్కడున్నది 29 ఏళ్ల మనిషి. డాక్టర్లందరినీ అడిగాడు, ఇంట్లో కుటుంబం ఉంది, ఏం జరగొచ్చో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు అతనే. ఒకసారి అటు వైపు వెళ్లొచ్చాడు కదా మరి.

2022 జనవరిలో బ్రెంట్‌ఫోర్డ్ పిలిచింది. లండన్‌లో చిన్న క్లబ్, అప్పటి కోచ్ థామస్ ఫ్రాంక్. అతనూ డెన్మార్క్ వాడే, ఎరిక్సన్ అండర్-17 ఆడినప్పుడు అతనే కోచ్. ఫిబ్రవరి 26న, పడిపోయిన 259 రోజుల తర్వాత, న్యూకాజిల్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది, ఎదుటి టీమ్ ఫ్యాన్స్‌తో సహా. ఇక్కడొక చిన్న విషయం, నాకు భలే ఇష్టం. పార్కెన్‌లో ఎరిక్సన్ పడిపోయాక అతని ప్లేస్‌లో దిగింది మాథియాస్ జెన్సెన్. ఈరోజు ఎరిక్సన్ కోసం బయటికి వచ్చింది కూడా ఆ జెన్సెనే. సినిమాలో పెడితే ఓవర్‌గా ఉంది అంటాం.

మార్చిలో డెన్మార్క్ టీమ్‌లోకి తిరిగొచ్చాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో, అయాక్స్ సొంత గ్రౌండ్‌లోనే, సెకండాఫ్‌లో దిగి రెండు నిమిషాల్లో గోల్. మూడు రోజులకి పార్కెన్‌లో సెర్బియా మీద మ్యాచ్. అదే గ్రౌండ్. కెప్టెన్ బ్యాండ్ కట్టుకుని ఆడాడు, మళ్లీ గోల్. ఏప్రిల్‌లో బ్రెంట్‌ఫోర్డ్ చెల్సీని వాళ్ల ఇంట్లోనే 4-1తో కొట్టింది, అందులోనూ ఒకటి ఇతనిదే. ఆ ఎండాకాలం మాంచెస్టర్ యునైటెడ్ తీసుకుంది. మొదటి సీజన్ బాగా ఆడాడు, తర్వాత గాయం, వయసు, ఛాన్సులు తగ్గాయి. మామూలు ఫుట్‌బాలర్‌కి వచ్చే మామూలు కష్టాలే. ఇతని విషయంలో అలాంటి మామూలు కష్టాలు రావడమే నాకు సంతోషం.

2024 జూన్ 16, జర్మనీ, స్టుట్‌గార్ట్. మళ్లీ యూరో కప్, స్లొవేనియా మీద. మళ్లీ ఒక త్రో నుంచే మొదలైంది. 17వ నిమిషంలో బాల్ అందుకుని గోల్ కొట్టాడు. ఆ రోజుకి పడిపోయి సరిగ్గా 1100 రోజులు. యూరో కప్‌లో అతనికదే మొదటి గోల్. మ్యాచ్ 1-1 డ్రా అయింది, కాబట్టి డ్రెస్సింగ్ రూమ్‌లో పెద్ద పండగేం జరిగుండదు.

2025లో యునైటెడ్ వదిలేశాక, సెప్టెంబర్‌లో జర్మనీ క్లబ్ వోల్ఫ్స్‌బర్గ్‌లో చేరాడు, 33 ఏళ్ల వయసులో. ఈసారి యూట్యూబ్‌లో పేరు కొట్టినప్పుడు కొంచెం కిందికి స్క్రోల్ చేయండి, డబ్లిన్ హ్యాట్రిక్ దొరుకుతుంది. మూడో గోల్ దాకా చూడండి. ఐసీడీ ఉన్న మనిషిని ఆడనివ్వాలా వద్దా, ఇటలీ రైటా ఇంగ్లండ్ రైటా, మీ మాట కామెంట్‌లో పెట్టండి. నాతో ఒప్పుకోనివాళ్లవి ముందు చదువుతా. ఉంటాను మరి.