వలసవారి చిత్రపటములు



విద్యాభివృద్ధినిగూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఆ విషయమును నాకంటె చక్కగా చెప్పగలవా రీ వేదికమీదనే నలుగు రున్నారు. నేనొక చిత్రకారుని పనినిగూర్చి విన్నవించుకొందును. అది మనకు సంబంధించినదో కాదో చివర మీరే నిర్ణయింపుడు.

అమెరికాలో జేకబ్ లారెన్సు అను నల్లజాతి చిత్రకారు డుండెను. 1917లో జన్మించి 2000లో గతించెను. ఆతని తల్లిదండ్రులు దక్షిణ రాష్ట్రములనుండి పొట్టచేత పట్టుకొని ఉత్తరమునకు వచ్చినవారు. పదుమూడవ యేట ఆతడు న్యూయార్కులోని హార్లెము పేటకు చేరెను. ఇంటను, వీథిని ఆతడు విన్న మాటలన్నియు వలసవచ్చినవారి మాటలే. 1940లో విద్యార్థివేతన మొకటి లభింపగా, గ్రంథాలయమున ఆ వలస చరిత్రమును చదివి, 1941 నాటికి 60 పటములు వ్రాసెను. అప్పటి కాతని వయస్సు 23 వత్సరములు.

ఒక్కొక్క పటము 12 అంగుళములు, 18 అంగుళములు కొలతగల చిన్నపలక. 60 పలకలను ఒక్కసారిగా పఱచుకొని, ఒక రంగు తీసికొని అన్నిటను పూసి, పిదప మఱియొక రంగు తీసికొనెడివాడట. అందుచేతనే ఒకే పసుపు, ఒకే నీలము మొదటినుండి తుదివఱకు కానవచ్చును. మన మగ్గముపై నొకేపడుగు చీరయంతట నడచునట్లు!

మొదటి పటము రైలుస్టేషను. షికాగో, న్యూయార్కు, సెయింట్ లూయీ అను మూడు ద్వారములవైపు జనము త్రొక్కిడిగా సాగుచుందురు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఉత్తరదేశపు కర్మాగారములకు కూలీలు కావలసివచ్చిరి. దక్షిణమున పత్తికాయను దొలుచు పురుగు, చాలీచాలని కూలి, న్యాయస్థానములలో అన్యాయము, విచారణలేని ఉరితీతలు. ఇక నిలుచు టెట్లు?

నన్ను నిద్రపోనీయనిది 53వ పటము. అందు పొడవుటోపీ పెట్టిన పురుషుడును, ఖరీదైన దుస్తులు ధరించిన స్త్రీయు నున్నారు. వారును నల్లజాతివారే, ముందుగా వచ్చి స్థిరపడినవారు. క్రొత్తగా వచ్చిన తమవారిని దూరముంచిరని చిత్రకారుడు దాచక చెప్పినాడు. తెల్లవారి తప్పును చూపుట కంత ధైర్య మక్కఱలేదు. తనవారి తప్పును చూపుటకు కావలెను.

మనవారు షోలాపురమునకు, భివండికి మగ్గముల వెంట పోయినవారు. కొన్నేండ్ల క్రిందట మా యింట పెండ్లికి భివండినుండి మా అన్నగారి మనుమడు వచ్చెను. పంక్తిలో కూర్చుండి "తాతా, నాకు పాణీ కావాల" అనెను. పంక్తి యంతయు నవ్వినది. నేనును నవ్వితిని. అంతటితో నూరకుండక, నలువది యేండ్ల ఉపాధ్యాయత్వపు మదముతో, "నీళ్లు అనుము" అని మూడుమార్లు పలికించితిని. బాలుడు నీళ్లు త్రాగక లేచిపోయెను. మరుసటి యేడు పెండ్లికి రాలేదు, ఇప్పటికిని రాడు. వాని తండ్రి మాత్రము వచ్చును, ఇంటిలో తెలుగు మాటాడువారు తగ్గిపోవుచున్నారని చెప్పును. అందు నా భాగ మెంతయో నాకు తెలియును.

ఆ 60 పటములలో బేసిసంఖ్యలవి వాషింగ్టనులో ఫిలిప్స్ వారి చిత్రశాలయందును, సరిసంఖ్యలవి న్యూయార్కు ఆధునికకళా ప్రదర్శనశాలయందును ఉన్నవి. అచ్చట మన పిల్లలున్న తల్లిదండ్రులు పోయి చూచుట మంచిది.

నేటి మధ్యాహ్నము షోలాపురపు యువకులు మాటాడుదురని కార్యక్రమపత్రికలో నున్నది. వారి తెలుగులో మరాఠీ కలియును. ముందువరుసలో కూర్చుండుటకు నాకొక కుర్చీ యిప్పింపుడని కార్యదర్శిగారిని వేడుకొనుచున్నాను.