బెంగ మందులు: పేర్లు రెండు, మందు ఒకటే



ఒకప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో మనసు బాగులేదంటే విశాఖ వాల్తేరులోని మానసిక వైద్యశాలే గుర్తుకొచ్చేది. ఆ పేరుకు జంకి చాలామంది బెంగను లోపలే దాచుకునేవారు. ఇప్పుడు దగ్గరి డాక్టరే మందు రాస్తున్నారు. సంతోషమే. కాని ఇక్కడ ఒక డాక్టరు, విశాఖలో అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు మరొక డాక్టరు రాసిన మాత్రలు ఒకే డబ్బాలో చేరుతున్నాయి. నేను చెప్పదలచినది ఆ డబ్బా గురించే.

సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్ అని రెండు మందులున్నాయి. మొదటిదానిలో కుడిచెయ్యి, ఎడమచెయ్యి వంటి రెండు రూపాల అణువులు సగం సగం ఉంటాయి. ముఖ్యంగా పని చేసేది అందులో ఒకటే. దానిని విడదీసి తయారు చేసినదే ఎస్సిటలోప్రామ్. కనుక దీని 10 మిల్లీగ్రాములు దాని 20 మిల్లీగ్రాములకు ఇంచుమించు సమానం. అంకె చిన్నదని రెండు మాత్రలు మింగరాదు. రెండు మందులూ కలిపి వాడరాదు. మోతాదు మించితే గుండె లయ తప్పవచ్చు. 60 ఏళ్లు దాటినవారు సిటలోప్రామ్ రోజుకు 20 మిల్లీగ్రాములు మించరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరించింది.

సెర్ట్రాలిన్ కూడా ఈ కుటుంబంలోదే. గుండెజబ్బు ఉన్నవారికి డాక్టర్లు తరచు దీనిని ఎంచుకుంటారు.

మన వయసువారు గమనించవలసినవి కొన్ని. ఈ మందుల గుణం తెలియడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. మొదట్లో వికారం, కంగారు ఉండవచ్చు. బి.పి.కి మూత్రం మాత్రలు వాడేవారికి రక్తంలో సోడియం తగ్గి తికమక, తూలు రావచ్చు. ఆస్పిరిన్ వాడేవారికి రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. కొన్ని ఎస్సిటలోప్రామ్ మాత్రలలో క్లోనజిపామ్ అనే మత్తుమందు కూడా కలిసి ఉంటుంది. రాత్రి లేచినప్పుడు తూలిపడి తుంటి ఎముక విరిగే ప్రమాదముంది. అట్టమీద మందుల పేర్లు పిల్లలచేత చదివించుకోండి.

కాస్త తేరుకోగానే మందు మానేయకండి. మానాలన్నా, మార్చాలన్నా డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అన్ని మాత్రల అట్టలూ సంచీలో వేసుకెళ్లండి. బతుకు మీద విరక్తి కలిగితే ఇంట్లో చెప్పండి. 2022లో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు పగలైనా, రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

బి.పి. మాత్ర వేసుకోవడానికి సిగ్గుపడని మనం, బెంగ మాత్రకు సిగ్గుపడనవసరం లేదు. అయితే ఏది వేసుకుంటున్నామో తెలిసి వేసుకుందాం. సెలవు.