గేదెకిస్తే పాలొస్తాయి, చదువుకిస్తే ఏమొస్తాయి?

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో గ్రూపు లీడరు ప్రసంగం)



మేము పెద్ద చదువులు చదివినవాళ్లం కాదు. మా పదిమందిలో పదో తరగతి దాటినవాళ్లు లేరు. అయినా ఈరోజు చదువు గురించే నాలుగు మాటలు చెబుతాం.

రెండేళ్ల కిందట మా గ్రూపులో ఒక అక్క తన కూతురి చదువుకు 30 వేలు అప్పు అడిగింది. పిల్లకు డిగ్రీ అయింది, యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ సీటు వచ్చింది. హాస్టలుకు, పుస్తకాలకు డబ్బు కావాలి. టీచరు చదువు తెలుసు, నర్సు చదువు తెలుసు, ఇదేం చదువని అందరం అడిగాం. “ఊళ్లో వాళ్లకు సాయం చేయడానికి కూడా కాలేజీకి పోవాలా?” అని ఒకరు. “గేదెకిస్తే పాలొస్తాయి, దీనికిస్తే ఏమొస్తాయి?” అని ఇంకొకరు. మేమంతా నవ్వాం. ఆ అక్క తలొంచుకుంది. ఆ నెల అప్పు ఇవ్వలేదు.

తర్వాతి మీటింగుకు ఆ పిల్లే వచ్చి వివరంగా చెప్పింది. ఏ డిగ్రీ చదివినా ఈ రెండేళ్ల పీజీ చేయొచ్చు. మన దేశంలో ఈ చదువు 1936లోనే బొంబాయిలో టాటా వాళ్ల సంస్థతో మొదలైంది. క్లాసులతో పాటు ఆసుపత్రికో, బస్తీకో, పల్లెకో పోయి పని నేర్చుకోవాలి. దాన్ని ఫీల్డ్‌వర్క్ అంటారు. ఒక మనిషి కష్టం విని దారి చూపడం, గ్రూపుతో పనిచేయడం, ఊరిని కూడగట్టడం, అన్నీ పాఠాలే. అప్పుడు తీర్మానం రాసి అప్పు ఇచ్చాం.

సెలవుల్లో ఆ పిల్ల మా మీటింగులకు వచ్చి నోటుబుక్కులో రాసుకునేది. ఒకరోజు మాలో ఒకామె ఆ పుస్తకం చూసింది. తన మొగుడి తాగుడు, ఆగిపోయిన కిస్తీలు, అన్నీ తన పేరుతోనే ఉన్నాయి. “మా ఇంటి గుట్టు నీ మార్కులకా?” అంది. పిల్ల ఏడ్చింది. కాలేజీలో మేడంకు చెబితే పేరు కొట్టేయించారట. అడగకుండా రాయకూడదు, విన్నది బయట అనకూడదు, ఈ పనిలో మొదటి పాఠం అదేనన్నారట. పిల్ల ఆమె ఇంటికి పోయి తప్పు ఒప్పుకుంది.

అప్పుడు మాకే సిగ్గేసింది. కిస్తీ కట్టనివాళ్ల ఇంటి సంగతులు మేమూ మీటింగులో అందరి ముందూ అనేస్తాం కదా! ఇప్పుడు కిస్తీ ఆగితే ముందు ఇద్దరం ఇంటికి పోయి మాట్లాడుతున్నాం. మినిట్స్ పుస్తకంలో బాకీ రాస్తాం, ఇంటి గొడవ రాయం.

ఇక ఉద్యోగం మాట. ఆసుపత్రుల్లో కౌన్సిలర్లు, సఖి కేంద్రాలు, జిల్లా బాలల సంరక్షణ విభాగం, స్వచ్ఛంద సంస్థలు, ఇలా దారులున్నాయి. 500 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో సంక్షేమాధికారి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. అయితే చాలా పోస్టులు కాంట్రాక్టువి, మొదట్లో జీతం తక్కువ. ఇది దాచకూడదు. అందుకే చదివేటప్పుడే కంప్యూటరు, ఇంగ్లీషులో రిపోర్టు రాయడం నేర్చుకోవాలి, ఫీల్డ్‌వర్క్ రికార్డులు జాగ్రత్త చేసుకోవాలి. మా పిల్ల చదువు ఈ ఏడాది అయింది. రెండు ఇంటర్వ్యూలకు పోయొచ్చింది, ఉద్యోగం ఇంకా రాలేదు. వాళ్లమ్మ మాత్రం కిస్తీ ఒక్క నెల తప్పలేదు.

అక్కల్లారా, మనకు తెలియని చదువుకు ఎవరైనా అప్పు అడిగితే మాలాగ నవ్వకండి. పిల్లను పిలిచి కూర్చోబెట్టి అడగండి. పదితో ఆగిన మనకూ దారుంది. ఓపెన్ స్కూల్లో ఇంటరు చేస్తే, ఇగ్నోలో ఇంటి దగ్గరుండే సోషల్ వర్క్ డిగ్రీ చదవొచ్చు. మాలో ఇద్దరు ఈసారి ఓపెన్ ఇంటరుకు ఫీజు కట్టారు. మొదట కట్టింది ఎవరనుకున్నారు? గేదె మాట అన్నావిడే.